ఇంఫాల్ నవల రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

నీ నవలలోని మొదటి ఐదు ప్రకరణాలు రెండుసార్లు చదివాను. 1944 నాటి ఇంఫాల్ దండయాత్రను, దాన్ని నడిపించి ఓడిపోయిన జపాన్ సేనాధిపతుల వైపు నుంచి చెప్పాలన్న నీ సంకల్పం నాకు నచ్చింది. అయితే ఆ దండయాత్రను నడిపిన సేనాధిపతి, నీ ముతాగుచి, మొదటి పేజీలోనే ఓడిపోయి ఉన్నాడు. మార్చి 15 రాత్రి తన సైన్యం బర్మాలోని చింద్విన్ నది దాటుతూ ఉంటే అతడు ఏదో తెలియని దిగులుతో ఆకాశం వైపు చూశాడని రాశావు. ఆ దిగులు అతనిది కాదు. జూలైలో ఏం జరిగిందో చదివి తెలుసుకున్న నీది.

ఆ రాత్రి అతనికి తెలిసినది వేరు. 1937లో బీజింగ్ పక్కన మార్కోపోలో వంతెన దగ్గర చైనా యుద్ధానికి నిప్పు రాజుకున్నప్పుడు అక్కడి రెజిమెంటు అతనిదే. 1942లో సింగపూర్ పడిపోయినప్పుడు అక్కడ ఒక డివిజన్‌కు అధిపతి కూడా అతడే. బ్రిటిష్ సైన్యం చుట్టుముడితే చెదిరిపోతుందన్నది అతని దృష్టిలో నమ్మకం కాదు, కళ్ళారా చూసిన నిజం. ఇంకొక సంగతి నువ్వు వదిలేశావు. అస్సాం మీదికి వెళ్ళాలన్న ఆలోచన 1942లోనే వచ్చినప్పుడు, ఆ కొండలలో, ఆ అడవులలో సైన్యం నడవలేదని అభ్యంతరం చెప్పినవారిలో ముతాగుచి ఒకడు. మరుసటి ఏడాది బ్రిటిష్ సేనాని వింగేట్ దళాలు చింద్విన్ దాటి అవతలి నుంచి కాలినడకన రావడం చూశాక అతని మనసు మారింది. వాళ్ళు రాగలిగినప్పుడు మనం పోలేమా అనుకున్నాడు. మూర్ఖుడి ఆలోచనగా కాకుండా, అనుభవం గల సైనికుడు తన అనుభవం చేతిలోనే మోసపోయిన తీరుగా దాన్ని రాయగలిగితే, నీ మొదటి ప్రకరణానికి ఆకాశమూ దిగులూ అక్కరలేదు.

ఆహారం విషయం కూడా అంతే. సుమారు 85,000 మంది, ఒక్కొక్కరి వీపున దాదాపు మూడు వారాల తిండి, వెంట తోలుకుపోయే వేలాది పశువులు. బరువులు మోసి, తరువాత ఆహారమూ అవుతాయన్నది ఆ పశువుల లెక్క. నది దాటేటప్పుడే చాలా మునిగిపోయాయి, మిగిలినవి కొండలు ఎక్కలేకపోయాయి. దీన్ని రాసేవాళ్ళు సాధారణంగా హాస్యానికి వాడుకుంటారు, నువ్వూ వాడుకున్నావు. కాగితం మీద ఆ లెక్క సరిపోయింది, అమ్మాయీ. ఏప్రిల్ 29న చక్రవర్తి పుట్టినరోజు నాటికి ఇంఫాల్ చేతికి వస్తే, అక్కడి బ్రిటిష్ గిడ్డంగులే సైన్యాన్ని పోషిస్తాయి. కానీ దండయాత్రకు ముందు నెలే, ఫిబ్రవరిలో, బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో జపాన్ సేనలు చుట్టుముట్టిన బ్రిటిష్ దళాలు చెదరలేదు. విమానాలు పైనుంచి తిండీ మందుగుండూ జారవిడుస్తూ ఉంటే నిలబడి పోరాడాయి. బ్రిటిష్ సేనాధిపతి విలియం స్లిమ్ ఇంఫాల్‌లోనూ దాన్నే నమ్ముకుని, కావాలనే సైన్యాన్ని మైదానంలోకి వెనక్కి తీసుకున్నాడు. అరకాన్ కబురు ముతాగుచి దాకా వచ్చి కూడా ఎందుకు చెవికెక్కలేదన్నది నీ నవల తవ్వవలసిన చోటు.

నా ఉద్దేశంలో దానికి జవాబు ముతాగుచి ఒక్కడిలో దొరకదు, అతని చుట్టూ ఎవరు ఏం చెప్పలేకపోయారన్న దానిలో దొరుకుతుంది. సరఫరా కుదరదని చెప్పిన చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఒబాతాను 1943లో కొద్ది వారాలకే పక్కకు తప్పించారు. ఆ తరువాత ఆ గదిలో ఆ మాట ఎవరు ఎత్తుతారు? రంగూన్‌లో అతని పైఅధికారి కవాబే, 1937లో బీజింగ్ దగ్గర కూడా అతని పైఅధికారే. ఆ పాత పరిచయం మందలింపును సులువు చేయలేదు, మొహమాటాన్నే పెంచింది. టోక్యోలో ప్రధానమంత్రి తోజో 1944 జనవరిలో స్నానం చేస్తూ, తలుపు అవతలి నుంచి రెండు మూడు ప్రశ్నలు వేసి దీనికి సరేనన్నాడని చెప్పుకుంటారు. ఆ దృశ్యం రాయాలని నీకు తప్పక అనిపిస్తుంది. రాయి, కానీ అరపేజీ దాటనివ్వకు.

ఎక్కువ పేజీలు ముగ్గురు డివిజన్ కమాండర్లకు ఇవ్వు. మార్చి చివరలోనే యానాగిదా ఈ దండయాత్ర ఆపడం మంచిదని సూచిస్తూ తంతి పంపాడు, మే నెలలో పదవి పోగొట్టుకున్నాడు. అమెరికాలో పనిచేసి వచ్చిన యామౌచి క్షయతో కృశించి, జూన్‌లో పదవి పోయి, ఆగస్టులో బర్మాలోని మేమ్యోలో చనిపోయాడు. కొహిమాలో సాతో తిండీ గుళ్ళూ పంపమని అడిగి అడిగి, మే చివరలో తన డివిజన్‌ను ఆజ్ఞ లేకుండా వెనక్కి నడిపించాడు. ఒక దండయాత్ర జరుగుతుండగా దాని డివిజన్ కమాండర్లు ముగ్గురూ పదవులు పోగొట్టుకోవడం ఆ సైన్యంలో అంతకు ముందు ఎరగని సంగతి. సాతో కోర్టు మార్షల్ కోరుకున్నాడు, అక్కడ అన్నీ చెప్పాలనుకున్నాడు. డివిజన్ కమాండర్‌ను నియమించేది చక్రవర్తి కనుక విచారణ జరిగితే ఎక్కడిదాకా పోతుందోనని భయపడ్డవారు అతనికి మతి చలించిందని తేల్చి వ్యవహారం మూసేశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నువ్వు సాతోను ప్రేమించడం మొదలుపెట్టావు. నాలుగో ప్రకరణంలో అతడు మాట్లాడితే చాలు గాలి ఆగిపోతోంది. అతని నిర్ణయం వేలమందిని కాపాడింది, నిజమే. అదే నిర్ణయం పక్కన పోరాడుతున్న యామౌచి డివిజన్‌కు రక్షణ లేకుండా చేసింది. కొహిమా నుంచి ఇంఫాల్ పోయే దారిని కాయడానికి తన కింది అధికారి మియాజాకి చేతికి కొన్ని వందలమందిని మాత్రమే వదిలి వెళ్ళాడు. అంతకు ముందు ఏప్రిల్‌లో, తనకంటే ఎన్నో రెట్లు చిన్నదైన కొహిమాలోని బ్రిటిష్ దండును రెండు వారాలపాటు ఎదురుగా ఢీకొంటూ సొంత మనుషులను అతడే ఖర్చుచేశాడు. బ్రిటిష్ వాళ్ళ రైలు సరఫరా స్థావరమైన దిమాపూర్ మీదికి పోవాలని ముతాగుచి అన్నా, కవాబే వద్దన్నాడు. దిమాపూర్ వైపు తిరగకుండా కొహిమాకే అతుక్కుపోయిన ఈ సాతో ప్రధాన కార్యాలయం మీద బాంబులు వేయాలని వైమానికదళం అనుకుంటే తానే వద్దన్నానని, అతడు అక్కడే ఉండడం తనకు మేలని స్లిమ్ తన జ్ఞాపకాలలో ఎగతాళిగా రాసుకున్నాడు. ఒకే మనిషి శత్రువుకు చొరవలేనివాడు, పైఅధికారికి ద్రోహి, బతికి బయటపడ్డ సైనికుడికి దేవుడు. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోకు.

జూన్ మొదటి వారంలో కవాబే స్వయంగా ముతాగుచి దగ్గరికి వచ్చాడు. అప్పటికి వానలు దిగాయి, దారులు కొట్టుకుపోతున్నాయి, కొహిమా నుంచి సాతో కదిలిపోయాడు. ఇక ఆపాలని ఇద్దరికీ తెలుసు. ముతాగుచి అదనపు బలగాలు అడిగాడు. ఇతడు ఇంకేదో చెప్పాలనుకుంటున్నాడని కవాబేకు అనిపించింది, కానీ అడగలేదు. తన ముఖం చూసి కవాబే గ్రహిస్తాడనుకున్నానని ముతాగుచి యుద్ధం తరువాత చెప్పుకున్నాడు. ఆపమన్న ఆజ్ఞ జూలైలో గానీ రాలేదు. ఆ మధ్య కాలమంతా సైనికులు గడ్డి తింటూ, విరేచనాలతో, మలేరియాతో బురదలో పడిపోతూనే ఉన్నారు.

ఈ సమావేశానికి నువ్వు రెండు పేజీల సంభాషణ రాశావు. ఇద్దరూ చాలా తెలివిగా, చాలా బాధగా, పరాజయం గురించి మాట్లాడుకుంటారు. అదంతా కొట్టేయి. నా మొదటి యుద్ధకథలో ఒక సేనాపతి చనిపోయే ముందు యుద్ధం ఎందుకు ఓడిపోయామో అరపేజీ చెప్పాడు. ఒక సంపాదకుడు ఆ అరపేజీకి అడ్డంగా ఎర్రగీత గీసి, 'ఇతనికి ఇంత తెలిస్తే ఓడేవాడు కాదు' అని రాసి తిప్పి పంపాడు. ఆ రోజు ఆయన మీద చాలా కోపం వచ్చింది. నీ కవాబే వానల గురించి, దారుల గురించి, రావలసిన బలగాల గురించి మాట్లాడాలి. పాఠకుడికి మాత్రం వాళ్ళు దేని గురించి మాట్లాడడం లేదో ప్రతి వాక్యం వెనుకా వినపడాలి.

ఆధారాల విషయం. ఓడిన సేనాధిపతుల జ్ఞాపకాలను చరిత్రగా కాక, తీర్పు రాని వ్యాజ్యంలో దాఖలైన వాంగ్మూలాలుగా చదువు. ముతాగుచి యుద్ధం తరువాత చాలా ఏళ్ళు తల వంచుకుని బతికాడు. 1962లో ఒక బ్రిటిష్ మాజీ అధికారి, దిమాపూర్ మీదికి పోయి ఉంటే గెలుపు దక్కేదన్న అర్థం వచ్చేలా అతనికి ఉత్తరం రాశాడు. అప్పటి నుంచి 1966లో చనిపోయేదాకా ఆ ఉత్తరాన్ని అడ్డుపెట్టుకుని తన పథకం సరైనదేనని వాదిస్తూనే ఉన్నాడు. ఆ ముసలివాడు ఉత్తరం విప్పే ఘడియ నీ నవలలో లేదు. ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

మన పాఠకుల గురించి ఒక్క మాట. ఆజాద్ హింద్ ఫౌజ్ ఈ దండయాత్రలో ఉంది, 1944 ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో త్రివర్ణ పతాకం ఎగిరింది. నేతాజీ పేరు వచ్చిన చోట నీ వాక్యాలు ఉన్నట్టుండి ఉపన్యాసాలవుతున్నాయి. ఎదుటి కందకాలలో బ్రిటిష్ జెండా కింద పోరాడినవారిలోనూ పెద్ద భాగం భారతీయులే. కవాబే ఆ పతాకాన్ని ఎలా చూశాడో, దండయాత్ర ఆపితే బోసుకు ఏం చెప్పాలన్న బరువు అతని నోరు ఎంత నొక్కిందో రాయి. అది నీ కథకు చెందిన సంగతి.

చివరిగా, చనిపోయినవారు. సుమారు 30,000 మంది, తూటాలకంటే ఆకలికీ రోగానికీ పోయినవారే ఎక్కువ. వెనక్కి నడిచిన ఆ దారికి సైనికులు 'తెల్ల ఎముకల దారి' అని పేరు పెట్టుకున్నారు. సేనాధిపతి కళ్ళతో కథ చెబుతానని ఒప్పుకున్నావు కాబట్టి, ఆ దారిలో కెమెరాలా తిరగడానికి నీకు హక్కు లేదు. అతని బల్ల మీదికి అవి అంకెలుగానే వస్తాయి, తరువాత కొన్ని దళాల నుంచి అంకెలు కూడా రావడం మానేస్తాయి. ఫలానా రెజిమెంటు నుంచి నాలుగు రోజులుగా కబురు లేదని ఒక కుర్ర అధికారి చెప్పి, జవాబు కోసం నిలబడి ఉంటాడు. అతణ్ణి అలాగే నిలబెట్టు.

జూన్ సమావేశం ప్రకరణం ముందు తిరగరాసి పంపు. మిగతావి తరువాత చూద్దాం.

ఆశీస్సులతో,
నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబు రాసిన ముసలి రచయిత