ఏసీ గది కోసం బీ2 వద్దు, గ్యారంటీ మాట విని అప్పు వద్దు

చిత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. విమానం ఇంజన్లు, నావిగేషన్ వీడియోలు తప్ప వేరే ధ్యాస లేదు. బీటెక్ ఏరోనాటికలా, ఏఎంఈనా (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్)? ఏఎంఈ లైసెన్సులో బీ1 అంటే ఇంజన్ల వైపు, గ్రీజు పని; బీ2 అంటే ఏవియానిక్స్, విమానం ఎలక్ట్రానిక్స్ వైపు, ఏసీ గదిలో పని అంటున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు ఉద్యోగం గ్యారంటీ అన్నారు. మామిడితోట మీద అప్పు తెచ్చి ఫీజు కట్టేయమంటారా?"

అయ్యా, మీ అసలు భయం కోర్సు గురించి కాదు. తోట పోయి, పిల్లవాడు ఎటూ కాకుండా మిగిలిపోతాడేమోనని. ముందు దానికే జవాబు చెబుతాను.

ఉద్యోగం గ్యారంటీ అన్నమాట నమ్మకండి. లైసెన్సు ఇచ్చేది కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, కాలేజీ కాదు. మాడ్యూల్స్ అనే లైసెన్సు పరీక్షలు పాసైతే సరిపోదు, సర్వీసులో ఉన్న విమానాల మీద పని చేసిన అనుభవం లాగ్‌బుక్‌లో ఉండాలి. లైసెన్సు వచ్చాక ఏ320 లాంటి పెద్ద విమానానికి సంతకం పెట్టాలంటే ఆ మోడల్ మీద ప్రత్యేక అర్హత, టైప్ రేటింగ్ కూడా కావాలి. పిల్లలు ఇరుక్కుపోయేది ఈ మధ్యలోనే: పరీక్షలు అయిపోతాయి, అనుభవానికి చోటు దొరకదు. శిక్షణ సంస్థలకు ఇచ్చే సీఏఆర్-147 ఆమోదం మీరు చేర్చే సంస్థకు ఏ కేటగిరీకి ఉందో డీజీసీఏ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ప్రాక్టికల్స్‌కు ఏ సీఏఆర్-145 సంస్థతో (విమానాల మరమ్మతుకు ఆమోదం ఉన్న సంస్థ) ఒప్పందం ఉందో, పాత బ్యాచ్‌లో ఎంతమందికి లైసెన్సు చేతికొచ్చిందో రాతపూర్వకంగా అడగండి. రాసివ్వడానికి వెనకాడితే అక్కడితో వదిలేయండి.

ఇక గ్రీజు, ఏసీ గది. ఈ లెక్కన పిల్లవాడి జీవితం తేల్చేస్తారా? కోపం తెచ్చుకోకండి గానీ, ఇది తప్పు.

జెట్ ఇంజన్ టర్బైన్‌లోకి వచ్చే గ్యాస్ వేడి, బ్లేడు లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. అయినా బ్లేడు నిలబడుతుంది. కంప్రెసర్ నుంచి తీసిన గాలి దాని లోపలి దారుల్లో తిరిగి, సన్న రంధ్రాల గుండా బయటికొచ్చి ఉపరితలం మీద పొరలా పరుచుకుంటుంది. దుమ్ముతో ఆ రంధ్రాలు పూడితే బ్లేడు కాలి, పగుళ్లు వస్తాయి. బీ1 ఇంజనీరు బోరోస్కోప్‌ను, అంటే సన్నటి గొట్టం కెమెరాను, ప్లగ్ తీసిన రంధ్రంలోంచి లోపలికి పంపి, గేర్‌బాక్స్ దగ్గర రోటర్‌ను మెల్లగా తిప్పిస్తూ ఒక్కొక్క బ్లేడునూ చూస్తాడు. పగులు పొడవు మాన్యువల్‌లోని హద్దుతో సరిచూసి, ఎగరొచ్చా ఆపాలా అన్నది తేలుస్తాడు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ జీటీఎఫ్ రకం ఇంజన్ల టర్బైన్ డిస్కుల తయారీకి వాడిన లోహపు పొడిలో మలినాలు బయటపడి ఎన్నో విమానాల ఇంజన్లు దించి చూడాల్సి వచ్చింది. ఇది గ్రీజు పనేనా?

బీ2 కూడా మీరనుకున్న కుర్చీ పని కాదు. అర్ధరాత్రి విమానం కింద, ఎలక్ట్రానిక్ పెట్టెలుండే ఏవియానిక్స్ బేలో ఒదిగి చేసే పని. విమానం ఎటు తిరిగి ఉందో, ఎక్కడుందో చెప్పే ఇనర్షియల్ రిఫరెన్స్ యూనిట్‌ను తీసుకోండి. విమానం కదలకుండా నిలబడి ఉంటే, దానిలోని లేజర్ గైరోలు భూభ్రమణాన్ని పసిగట్టి ఉత్తరం ఎటో తేల్చుకుంటాయి. మన అక్షాంశాల దగ్గర దీనికి కొన్ని నిమిషాలు చాలు. ఆ లోపు విమానాన్ని ట్రాక్టరుతో లాగితే మళ్లీ మొదటికే. గాల్లో జీపీఎస్ సిగ్నల్ చెడినా ఇదే దారి చూపుతూ ఉంటుంది, కాకపోతే గంటగంటకూ తప్పు కొంచెం కొంచెం పెరుగుతుంది. పెట్టెల మధ్య సమాచారం ఏరింక్ 429 అనే ప్రమాణం ప్రకారం వైర్ల జతలో 32 బిట్ల ముక్కలుగా, ఒకే దిశలో వెళుతుంది. తెర మీద ఫాల్ట్ రాగానే పెట్టె మార్చేయడం సులువు. వర్క్‌షాపులో పరీక్షిస్తే ఆ పెట్టె బాగానే ఉంటుంది, మర్నాడు అదే ఫాల్ట్ మళ్లీ వస్తుంది. దోషం కనెక్టర్‌లో వంగిన పిన్నులోనో, ఒరుసుకుపోయిన వైరులోనో ఉంటుంది. డయాగ్రమ్ పట్టుకుని ఒక్కో పిన్నూ మీటరుతో చూసే ఓపిక ఉన్నవాడికే ఈ పని.

ఇంకో మాట. 'ఏరోనాటికల్', 'ఏరోస్పేస్' అన్న పేరు చూసి ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్‌కు పంపడం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆ డిగ్రీతో విమానాన్ని సర్వీసుకు విడుదల చేస్తూ సంతకం పెట్టే హక్కు రాదు. ఇంజన్ డిజైన్ వైపు వెళ్లాలన్నా, చిన్న కాలేజీలో ఒక పాత ఇంజన్, ఒక విండ్ టన్నెల్ చూపించి నాలుగేళ్లు గడిపేస్తే కంపెనీలు ఎందుకు తీసుకుంటాయి? డిజైన్ మీద మనసుంటే తిరుపతి ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీలాంటి చోట మెకానికల్ గానీ ఈసీఈ గానీ చేయించండి. తర్వాత గేట్ రాసి ఎంటెక్ ఏరోస్పేస్‌కు వెళ్లొచ్చు. మనసు మారినా చేతిలో పనికొచ్చే డిగ్రీ ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు నేను చెప్పేది ఇదే.

మీవాడికి ఆసక్తి ఉంది, అది మంచిదే. వీడియో చూడటం వేరు, దోషం వెతకడం వేరు. ఈ సెలవుల్లో ఇంట్లో పాడైన మిక్సీనో మోటారునో ఇచ్చి, ప్లగ్ పీకి ఉంచి, ఎక్కడ చెడిందో కాగితం మీద రాస్తూ వెతకమనండి. వాడు ఊహించి భాగాలు మారుస్తున్నాడా, ఒక్కొక్కటీ కొలిచి చూస్తున్నాడా గమనించండి. రెండోదైతే ఏఎంఈ గురించి ధైర్యంగా ఆలోచించొచ్చు. బీ1నా బీ2నా అన్నది వాడినే తేల్చుకోనివ్వండి. ఫీజుకు విద్యారుణం దొరుకుతుందేమో ముందు బ్యాంకులో కనుక్కోండి, తోట పత్రాలు బీరువాలోనే ఉండనివ్వండి.