ఇమ్యునోథెరపీ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరొచ్చా? రోజూ ఏం పని ఉంటుంది?

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయిపోయింది, తిరుపతిలో క్యాన్సర్ ఇమ్యునోథెరపీ (మన ఒంటి రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్స) ల్యాబ్ నుంచి పిలుపొచ్చింది, నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కి రాసే జాతీయ పరీక్ష) ఇంకా రాలేదు, చేరాలా లేక ఇంట్లో కూర్చుని చదువుకోవాలా అని అడిగారు. మాది చిత్తూరు. ఎస్వీ యూనివర్సిటీలో చదివి, తిరుపతిలోనే ఇలాంటి ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. చేరమనే చెప్తాను. కాకపోతే ఆ ల్యాబ్‌లో కంట్రోల్స్, అంటే ప్రయోగం పక్కనే పోల్చి చూడటానికి పెట్టేవి, ఎంత శ్రద్ధగా పెడతారో ముందు కనుక్కోండి.

బయట వినేది వేరు. రోగాలతో పోరాడే మన టి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఆపి ఉంచే పిడి-1, సిటిఎల్ఎ-4 అనే బ్రేకులు తీసేస్తే ఆ కణాలే క్యాన్సర్ మీద పడతాయని తేల్చినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టి చికిత్సకి (రోగి టి కణాలకే క్యాన్సర్‌ని గుర్తుపట్టే జన్యువు ఎక్కించి తిరిగి ఇస్తారు) 2023 అక్టోబర్‌లో మన దేశంలో అనుమతి దొరికింది. ఇవన్నీ గొప్ప సంగతులే. మీ రోజు మాత్రం ఒక రక్తం ట్యూబుతో మొదలవుతుంది.

హాస్పిటల్ నుంచి శాంపిల్ వచ్చిందంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టాల్సిందే. కొత్తవాళ్లు రక్తాన్ని ఐస్‌లో పెట్టి తెస్తారు. ఈ పనికి అది మామూలు గది వేడిలోనే ఉండాలి, కొన్ని గంటల్లోపు పని మొదలవ్వాలి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు అలిపిరి వైపు నుంచి శాంపిల్ రావాలంటే ట్రాఫిక్ సంగతి ముందే ఆలోచించుకోవాలి. రక్తాన్ని పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో సగానికి సగం పలచన చేసి, ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద ట్యూబు అంచు వెంట నిదానంగా వదలాలి. తర్వాత ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ 400 జీ (భూమి ఆకర్షణకి 400 రెట్ల బలం) దగ్గర 30 నిమిషాలు. బ్రేక్ తప్పనిసరిగా ఆపేయాలి, లేకపోతే యంత్రం గబుక్కున ఆగి పొరలు కలిసిపోతాయి. అంతా సరిగ్గా జరిగితే ప్లాస్మాకీ ఫైకాల్‌కీ మధ్య కాగిన పాల మీద మీగడలా సన్నటి తెల్ల పొర కనిపిస్తుంది. టి కణాలు ఉండేది అందులోనే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో ఒక మిల్లీలీటరుకి సుమారు 10 నుంచి 20 లక్షల కణాలు దొరుకుతాయి. కీమో తీసుకుంటున్నవాళ్ల దగ్గర చాలాసార్లు అందులో కొంతే వస్తుంది.

అసలు పరీక్ష అక్కడే. కణాలు తక్కువగా ఉన్నప్పుడు కంట్రోల్స్ మానేసి, ఉన్నవన్నీ ప్రయోగానికే వాడేద్దాం అనిపిస్తుంది. అలా వద్దు. కార్-టి కణాలు క్యాన్సర్ కణాలను చంపుతున్నాయని చెప్పాలంటే, అదే మనిషి నుంచి తీసిన, జన్యువు ఎక్కించని టి కణాలను పక్కనే పెట్టాలి. వేరే మనిషి కణాలైతే, ఏ జన్యువూ ఎక్కించకపోయినా పరాయి కణాలని దాడి చేయొచ్చు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి చూసే ఫ్లో సైటోమెట్రీలో చచ్చిన కణాలను విడిగా గుర్తించే డై వేయకపోతే, కణాల రకం గుర్తుపట్టడానికి వేసే యాంటీబాడీలు వాటికి ఊరికే అంటుకుని లేని సిగ్నల్ చూపిస్తాయి. కంట్రోల్ లేని గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా దాన్ని నేను నమ్మను. ఆ రక్తం ఇచ్చిన మనిషి జబ్బుతో మంచం మీద ఉండి కూడా సంతకం పెట్టి ఇచ్చాడు. దాంతో అబద్ధపు ఫలితం తయారు చేయడం కన్నా ఆ రోజుకి కణాలను ఫ్రీజ్ చేసి పెట్టుకోవడం మేలు.

పెంచుతున్న కణాల్లో చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష ఎన్నాళ్లకోసారి చేస్తారో కూడా అడగండి. అది మామూలు మైక్రోస్కోప్‌లో కనపడదు, దానికి కణగోడ లేదు కాబట్టి పెన్సిలిన్‌కి లొంగదు. పట్టించుకోకపోతే నెలల తరబడి డేటా అంతా పాడవుతుంది. ఈ ప్రశ్నకి ల్యాబ్‌లో వెంటనే జవాబు రాకపోతే నేనైతే చేరను.

ఆదివారం సెలవని గట్టిగా అనుకోవద్దు. రెండు మూడు రోజులకోసారి కణాలకు కొత్త మీడియం (అవి పెరిగే పోషక ద్రవం), టి కణాలు పెరగడానికి కావాల్సిన ఐఎల్-2 అనే ప్రొటీన్ ఇవ్వాలి. ఎండాకాలంలో కరెంటు పోతే ఇంక్యుబేటర్ 37 డిగ్రీల దగ్గరే ఉందా, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో గ్యాస్ ఉందా అని ఎవరో ఒకరు చూడాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా మీరే.

డబ్బు సంగతి. నెట్ ఉన్న జేఆర్‌ఎఫ్‌కి (జూనియర్ రీసెర్చ్ ఫెలో) 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. నెట్ లేకుండా ప్రాజెక్టులో చేరితే అంతకన్నా తక్కువ. నేను పనిచేసిన ఒకచోట గ్రాంటు ఆలస్యమై నెలల తరబడి స్టైపెండ్ రాలేదు, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాల్సి వచ్చింది. ప్రాజెక్టు ఇంకా ఎన్నాళ్లు ఉంది, గ్రాంటు ఎంతవరకు విడుదలైంది అని మొహమాటం లేకుండా అడగండి. ఇక చదువంటారా, పని చేస్తూ ఇమ్యునాలజీ చదివితే పుస్తకంలో పేర్లన్నీ చేతికి తెలిసినవే అయి ఉంటాయి. నాకు నెట్ అలాగే వచ్చింది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మీరు అక్కడ చేరారని తెలిస్తే చుట్టాలు ఫోన్ చేస్తారు. మా చిన్నాయన స్నేహితుడు వేలూరు ఆస్పత్రి కాగితాలన్నీ వాట్సాప్‌లో పెట్టి, "ఆ ఇంజెక్షన్ మాకు పనికొస్తుందామ్మా?" అని అడిగాడు. ఇమ్యునోథెరపీ అన్ని క్యాన్సర్లకీ పనిచేయదు, దుష్ఫలితాలు కూడా తీవ్రంగా ఉండొచ్చు. పిడి-ఎల్1 (క్యాన్సర్ కణాల మీద ఉండి పిడి-1 బ్రేకుని నొక్కే ప్రొటీన్) లాంటి పరీక్షలు చూసి నిర్ణయించాల్సింది ఆంకాలజిస్టు. నేను ఆయనకి డాక్టర్‌ని ఏమేం అడగాలో మాత్రం ఒక కాగితం మీద రాసిచ్చాను. మీరు కూడా అంతకు మించి చెప్పకండి.

రోజూ రక్తంతో పని కాబట్టి చేరేముందు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి. మూడు డోసులు, 0, 1, 6 నెలలకి. మొదటి డోసు ఈ వారమే వేయించుకోండి.