విలన్ లేని కథలు: నేను మళ్ళీ మళ్ళీ చూసే మూడు అమెరికన్ సినిమాలు

బాగా నచ్చిన అమెరికన్ డ్రామా సినిమాలేవి, అవి ఇన్నేళ్ళైనా ఎందుకు నిలిచాయి అని అడిగారు. నావి మూడు: ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ (1957), ‘ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ (1946), ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’ (1979). ఈ మూడింట్లోనూ విలన్ లేడు. తప్పులు చేసేవాళ్ళు, ఎదుటివాళ్ళను బాధపెట్టేవాళ్ళు ఉన్నారు. కానీ ఫలానావాడు ఓడిపోతే కష్టం తీరిపోతుంది అనుకోవడానికి ఎవరూ లేరు. విలన్ ఉన్న సినిమాలో ఎవరు గెలుస్తారో తెలిసిపోయాక రెండోసారికి మిగిలేది తక్కువ. ఎవరి పక్షాన ఉండాలో తేలని సినిమా మాత్రం మన వయసు మారినప్పుడల్లా కొత్తగా కనిపిస్తుంది.

‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ న్యూయార్క్‌లో ఒక హత్య కేసు. తండ్రిని కత్తితో పొడిచి చంపాడని 18 ఏళ్ళ కుర్రాడి మీద అభియోగం. విచారణ అయిపోయింది. తీర్పు చెప్పాల్సిన 12 మంది మామూలు పౌరులు, అంటే జ్యూరీ సభ్యులు, ఒక గదిలోకి వెళ్ళారు. అందరూ ఏకగ్రీవంగా దోషి అంటే కుర్రాడికి మరణశిక్ష. మొదటి ఓటింగ్‌లో 11 మంది దోషి అన్నారు, ఒక్కడు కాదన్నాడు. ఆ ఒక్కడు హెన్రీ ఫోండా. అతను కూడా కుర్రాడు నిర్దోషి అని వాదించడు. ఒకడి ప్రాణం తీసే ముందు కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం అంటాడు, అంతే. మిగతా సినిమా దాదాపు అంతా ఆ గదిలోనే.

మా నాన్నగారు రాజమండ్రిలో ప్లీడరు గుమాస్తాగా పనిచేశారు. ఇంగ్లీషు సినిమాలంటే ఆయనకు ఆసక్తి లేదు. ఇది మాత్రం పక్కన కూర్చుని డైలాగులు తెలుగులో చెప్తూ చూపించాను. కింది అంతస్తు ముసలాయన సాక్ష్యం దగ్గరకొచ్చేసరికి ఆయన నిటారుగా కూర్చున్నారు. ఆ ముసలాయన కాలు ఈడుస్తూ నడిచే మనిషి. పైన చప్పుడు విని, మంచం దిగి, తలుపు తీసేసరికి 15 సెకన్లు పట్టిందనీ, కుర్రాడు మెట్లు దిగి పారిపోతుంటే చూశాననీ కోర్టులో చెప్పాడు. ఫోండా ఆ దూరాన్ని గదిలో అడుగులతో కొలిచి, అలాగే కాలు ఈడుస్తూ నడిచి చూపిస్తాడు. 41 సెకన్లు పడుతుంది. “ఇది క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్లీడరు అడగాల్సిన ప్రశ్న కదరా” అన్నారు నాన్నగారు. సినిమా అయ్యాక ఆ అబ్బాయి నిజంగా చంపాడా లేదా అని అడిగారు. సినిమా చెప్పదండీ అన్నాను. కాసేపాగి, “చెప్పకపోవడమే సబబు. కోర్టులో కూడా అంతే, ఎవరూ వచ్చి చెప్పరు” అన్నారు. ఈ సినిమా గురించి నేను చదివిన వ్యాసాల్లో ఏదీ ఇంత సూటిగా చెప్పలేదు.

ఒకే గదిలో 12 మంది కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటే గంటన్నర మనకు విసుగెందుకు రాదు? దర్శకుడు సిడ్నీ లూమెట్‌కు ఇదే మొదటి సినిమా, అంతకు ముందు టీవీ నాటకాలు తీసినవాడు. మొదటి మూడో వంతు కంటి ఎత్తుకు పైనుంచి, తర్వాతి భాగం కంటి ఎత్తులో, చివరి భాగం కిందినుంచి చూస్తున్నట్టుగా కెమెరా పెట్టించాడు. దూరాన్ని దగ్గరగా లాగే లెన్సులు క్రమంగా వాడాడు. దాంతో గోడలు దగ్గరపడుతున్నట్టు, చివర్లో కప్పు నెత్తిమీదికి వస్తున్నట్టు ఉంటుంది. మనకు కారణం తెలియదు గానీ ఊపిరాడదు. తర్వాత వాన వెలిసి అందరూ కోర్టు మెట్లు దిగుతుంటే షాట్ ఒక్కసారిగా విశాలమవుతుంది, మనకు ప్రాణం లేచొస్తుంది.

ఇందులో విలన్‌కు దగ్గరగా ఉన్నది లీ జె. కాబ్ వేసిన మూడో నంబరు జ్యూరీ సభ్యుడు. అరుస్తాడు, బెదిరిస్తాడు, కుర్రాడికి శిక్ష పడాల్సిందే అంటాడు. అతని కోపం ఆ కుర్రాడి మీద కాదు, తనతో మాటలు మానేసిన సొంత కొడుకు మీద. చివరికి ఆ కొడుకు ఫొటో చింపేసి, బల్ల మీద వాలి ఏడుస్తాడు. అందరూ వెళ్ళిపోయాక ఫోండా అతని కోటు తెచ్చి తొడుగుతాడు. ఒక్క మాట ఉండదు. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. హిందీ అలవాటున్నవాళ్ళు బాసు చటర్జీ 1986లో తీసిన ‘ఏక్ రుకా హువా ఫైస్లా’ చూడొచ్చు. అదే కథ. ఈ పాత్ర పంకజ్ కపూర్ వేశాడు, చాలా బాగా వేశాడు.

‘బెస్ట్ ఇయర్స్’ గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. అది నాకు బాధగానే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ముగ్గురు సైనికులు ఒకే ఊరికి తిరిగొస్తారు. ఒకతను బ్యాంకు ఉద్యోగి, ఒకతను యుద్ధానికి ముందు మందుల షాపులో సోడా కలిపి ఇచ్చినవాడు, ఇంకొకడు రెండు చేతులూ పోయి కొక్కాలు పెట్టుకున్న నావికుడు హోమర్. యుద్ధం గెలిచారు, శత్రువు లేడు. ఇక ఇంట్లో ఎలా బతకాలన్నదే కథ. దర్శకుడు విలియం వైలర్ స్వయంగా యుద్ధవిమానాల్లో ఎగిరి డాక్యుమెంటరీలు తీసి, ఒక చెవి వినికిడి పోగొట్టుకుని వచ్చినవాడు. హోమర్‌గా వేసిన హెరాల్డ్ రస్సెల్ వృత్తి నటుడు కాడు. సైన్యంలో శిక్షకుడిగా ఉండగా పేలుడులో నిజంగానే చేతులు పోయాయి. ఈ ఒక్క పాత్రకే అతనికి రెండు ఆస్కార్లు వచ్చాయి, సహాయ నటుడిగా ఒకటి, ప్రత్యేక పురస్కారంగా ఇంకొకటి.

పెళ్ళాడాలనుకున్న విల్మా తన మీద జాలి పడుతోందేమోనని హోమర్ భయం. ఒక రాత్రి ఆమెను పైన తన గదిలోకి తీసుకెళ్ళి, పడుకునే ముందు కొక్కాలు ఎలా తీసేస్తాడో చూపిస్తాడు. అవి తీసేశాక తలుపు కూడా తీసుకోలేనని, చిన్నపిల్లాడిలా ఎవరో ఒకరు రావాల్సిందేనని చెప్తాడు. ఆమె అతని చొక్కా గుండీలు పెడుతుంది. ఏడుపు పుట్టించాలన్న ప్రయత్నం ఆ సీనులో ఎక్కడా లేదు. అందుకే చూసిన ప్రతిసారీ నాకు కన్నీళ్ళొస్తాయి.

నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేశాను కాబట్టి ఇంకో సీను నన్ను వదలదు. పొలం కొనుక్కుంటానని ఒక మాజీ సైనికుడు వస్తాడు. తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. బ్యాంకు ఉద్యోగి అల్, మనిషిని చూసి లోను ఇచ్చేస్తాడు. డిపాజిటర్ల సొమ్ము కదా అని పై అధికారి నెమ్మదిగా మందలిస్తాడు. ఆ అధికారి చెప్పిందీ అబద్ధం కాదు. అల్ చేసిందీ తప్పు కాదు. ఆ రెండింటి మధ్యా ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఉండే టెన్షన్ ఎలాంటిదో 1946లోనే ఇంత కచ్చితంగా చూపించారు.

‘క్రేమర్’ కథ క్లుప్తంగా: భార్య జోయనా ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది, ఆఫీసే లోకంగా బతికిన టెడ్ కొడుకును ఒంటరిగా పెంచడం నేర్చుకుంటాడు. ఏడాది దాటాక ఆమె తిరిగొచ్చి పిల్లాడు కావాలని కోర్టుకెక్కుతుంది. ఇక్కడ తల్లిని విలన్ చేసేయడం ఎంత తేలికో ఆలోచించండి. అలా కాకపోవడంలో జోయనాగా వేసిన మెరిల్ స్ట్రీప్ చేయి పెద్దది. కోర్టులో జోయనా చెప్పుకునే మాటలను ఆమే తిరగరాసింది, దర్శకుడు రాబర్ట్ బెంటన్ వాటినే తీసుకున్నాడు. మా ఇంట్లో ఈ సినిమా చూసినప్పుడు నా చూపంతా టెడ్ మీద ఉంటే, మా ఆవిడ మాత్రం బడికి ఎదురుగా కాఫీ షాపు అద్దం వెనక నిలబడి కొడుకును దొంగచాటుగా చూసుకునే జోయనా ముఖం దగ్గర ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఆ తర్వాత టెడ్ తరఫు లాయరు జోయనాను క్రాస్ చేస్తూ, నీ జీవితంలో ముఖ్యమైన బంధంలో నువ్వు విఫలమయ్యావు కదా అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఎదురుగా కూర్చున్న టెడ్ ఆమె వైపు చూసి కాదన్నట్టు తలూపుతాడు. కేసు గెలవాల్సినవాడు అతనే! టెడ్‌గా వేసిన డస్టిన్ హాఫ్‌మన్‌కు ఆస్కార్ మొత్తం సినిమాకు వచ్చి ఉండొచ్చు, నా లెక్కలో మాత్రం ఈ ఒక్క తలూపుకే ఇచ్చేయొచ్చు.

‘షాషాంక్ రిడెంప్షన్’ (1994) ఎందుకు లేదని అడుగుతారని తెలుసు. బాగుంటుంది, కాదనను. అందులో నాకు నిలిచిపోయేది జైలు నుంచి తప్పించుకోవడం కాదు, 50 ఏళ్ళు లోపలే గడిపి బయటకొచ్చిన ముసలి బ్రూక్స్‌కు బయట బతకడం చేతకాకపోవడం. వార్డెన్ పచ్చి విలన్ కాబట్టి అతని అంతం చూశాక ఆ భాగం నాకు అక్కడితో తీరిపోతుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: సినిమా నిలవాలంటే జనం కంట పడుతూ ఉండాలి. థియేటర్లలో షాషాంక్ ఆడలేదు, 7 నామినేషన్లలో ఒక్క ఆస్కార్ కూడా రాలేదు. వీడియో క్యాసెట్లు, కేబుల్ టీవీలో పదే పదే ప్రసారాలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. 1946లోనే వచ్చిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ కూడా మొదట నష్టపోయింది. 1974లో కాపీరైట్ పొడిగించకపోవడంతో టీవీ ఛానళ్ళు ఫీజు కట్టకుండానే ప్రతి క్రిస్మస్‌కూ వేసి వేసి దాన్ని పండగ సినిమా చేసేశాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’తోనే. నలుపు తెలుపు అని వెనకాడకండి, పది నిమిషాల్లో ఆ సంగతే మర్చిపోతారు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడతారు. ‘బెస్ట్ ఇయర్స్’ దాదాపు మూడు గంటలుంటుంది. తీరిక లేకపోతే రెండు సాయంత్రాలుగా చూడండి, మధ్యలో ఫోన్ మాత్రం పట్టుకోవద్దు. బార్‌లో హోమర్ పియానో వాయిస్తుంటే వెనక మూల ఫోన్ బూత్‌లో ఒక ప్రేమకథ ముగిసిపోతూ ఉంటుంది. తలొంచుకుంటే అది మిస్సవుతారు.