‘మిస్డ్ ద బస్’ అంటే ఏమిటి? ఎలాంటప్పుడు వాడాలి?

చేతికందే అవకాశాన్ని జారవిడుచుకోవడం అనే అర్థం ఏ డిక్షనరీలోనైనా దొరుకుతుంది. ఎవరి ముందు అనకూడదో మాత్రం నేను చెప్పగలను, మా నాన్న ముందు.

1996లో ఒక ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొండాపూర్ లేఅవుట్ కాగితం పట్టుకొచ్చాడు. నాన్న గడ్డం గీసుకుంటున్నాడు, ఒక బుగ్గ మీద నురగ అలాగే ఉంది. బాబాయి కాగితాన్ని టీపాయ్ మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా కాఫీ గ్లాసు పెట్టాడు. "రెండొందల గజాలు అన్నయ్యా, తూర్పు ఫేసింగు" అన్నాడు. ధర చెబితే మీరు నమ్మరు, వదిలేయండి. నాన్న అడిగింది ఒక్కటే, "అక్కడిదాకా బస్సుందా?" లేదు, మెయిన్ రోడ్డులో దిగి బండరాళ్ళ మధ్య నడవాలి. "బస్సు కూడా లేని చోట నక్కలతో కాపురం చేయమంటావా?" అని మళ్ళీ అద్దం వైపు తిరిగాడు. రెండేళ్ళకే పక్కన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు.

అలా, బస్సు లేదని బస్సు మిస్సయిన మనిషి మా నాన్న.

ఇక వాడకం అంటారా, దురదృష్టానికి వాడకండి, ఇందులో మన తప్పు కొంత ఉండి తీరాలి. నోటిఫికేషన్ వచ్చి నెలయినా పట్టించుకోకుండా చివరి రోజు రాత్రి పదకొండున్నరకి అప్లై చేయబోతే సర్వర్ పడుకుందే, అదీ బస్సు మిస్సవడమంటే. దీన్ని ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’ అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అక్కడ చేతులు కాలాయి, ఇక్కడ రావాల్సింది రాలేదు, అంతే. దానికంటే మన ‘గతజల సేతుబంధనం’ నయం. కొందరైతే ఏకంగా ‘బస్సు తప్పిపోయింది’ అని అనువాదం చేస్తారు, తిరనాళ్ళలో పిల్లాడు తప్పిపోయినట్టు!

ఎదుటివాడి మీద తొందరపడి కూడా వాడకండి. బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ 1940 ఏప్రిల్ 4న సొంత పార్టీ సభలో, హిట్లర్ బస్సు మిస్సయ్యాడని ధీమాగా అన్నాడు. 9వ తేదీన జర్మనీ సైన్యం నార్వే, డెన్మార్క్‌ల మీద పడింది. మే 10న ఈయన పదవే పోయింది.

మొన్న కొండాపూర్ మీదుగా వెళ్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ముందు వరసగా మూడు సిటీ బస్సులు. నాన్న వాటినే చూస్తూ, "ఇన్ని బస్సులెందుకురా ఇక్కడ?" అని విసుక్కున్నాడు. వెనక సీట్లో అమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.