పూలు విరగబూసి పిందెలు రాలిపోతుంటే ముందు సాయంత్రం మేడెక్కండి

మేడ మీద గ్రో బ్యాగుల్లో సొర, బీర పెట్టామని, తీగ బాగా పాకిందని, పూలు విరగబూస్తున్నా పిందెలు వేలెడంత అయ్యేసరికి పసుపుబారి రాలిపోతున్నాయని రాశారు. ఏ ఎరువు వేయాలి, ఏ మందు కొట్టాలి అని అడిగారు. ఏ ఎరువూ వద్దు, ఏ మందూ వద్దు. సాయంత్రం ఆరింటికి మేడెక్కండి.

తీగ బాగా పాకిందని, పూలు వస్తున్నాయని మీరే అంటున్నారు. అంటే దానికి తిండి సరిపోతున్నట్టే. తిండి చాలని తీగ ఆకు చిన్నబోయి, పాలిపోయి, ఆ సంగతి పూతకు ముందే చెప్పేస్తుంది. మీ దగ్గర లోటు పుప్పొడికి. ఈ పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోతే పిందె రెండు మూడు రోజులు పచ్చగానే ఉండి, కొస నుంచి పసుపు తిరిగి, వేలు తగిలితే ఊడి వచ్చేస్తుంది. సిటీలో మేడల మీద రాలే పిందెల్లో ఎక్కువ భాగం ఇలా పోయేవేనని నేను గట్టిగా చెబుతాను, ఎవరు కాదన్నా సరే.

మేం ఉండేది హైదరాబాదులో, ఉప్పల్ వైపు. మా బిల్డింగులోనే మూడో అంతస్తులో ఒక అమ్మాయి ఉంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ అమ్మగారు ఊరి నుంచి పంపిన బీర గింజలు వానలు మొదలవగానే పెట్టింది. తీగ పిట్టగోడ దాటి వాటర్ ట్యాంకు నిచ్చెన మీదికి ఎక్కింది. కాయ మాత్రం ఒక్కటి నిలవలేదు. ఒకరోజు క్యారీ బ్యాగు నిండా సీసాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. సముద్రపు నాచు ద్రావణం, బోరాన్ పొడి, పూత నిలబెట్టే మందని ఒకటి, పిందె నిలబెట్టే మందని ఇంకొకటి. ఆ చివరి దాని మీద పెద్ద బీరకాయ బొమ్మ తప్ప లోపల ఏముందో ఒక్క ముక్క రాసి లేదు. "ఆంటీ, వీటిలో ముందు ఏది వేయాలి?" అంది.

"బీరపువ్వు విచ్చుకోవడం ఎప్పుడైనా చూశావా అమ్మా?" అని అడిగాను.

"రోజూ చూస్తున్నా కదా ఆంటీ, పొద్దున్నే ఏడింటికి నీళ్ళు పోసేటప్పుడు."

సమస్య అంతా అక్కడే ఉంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి వాడిపోతుంది. ఆ పిల్ల ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి అయ్యేది, కాబట్టి వాడి ముడుచుకున్న పువ్వునే రోజూ చూస్తోంది. ఆ రోజు ఇంటి నుంచే పని కావడంతో సాయంత్రం టీ తాగించి పైకి తీసుకెళ్ళాను. మబ్బు పట్టి ఉంది. పొద్దున ముడుచుకుని ఉన్న మొగ్గల వరస మేం చూస్తుండగానే ఒక్కొక్కటీ విడుతోంది. విడేటప్పుడు రేకు అంచు కొద్దిగా వణుకుతుంది, దగ్గరగా వంగి చూస్తే తెలుస్తుంది. మగపూలు ఒకే కాడకు గుత్తిగా ఉంటాయి, రోజుకు ఒకటో రెండో విచ్చుకుంటాయి. ఆడపువ్వు ఒంటరిగా ఉంటుంది. దాని వెనక చిటికెన వేలంత పిందె, బీరకాయకు ఉండే గీతలన్నీ అప్పటికే దాని మీద ఉంటాయి. "ఇది కాయే కదా ఆంటీ, పువ్వు వెనక ఉందేంటి?" అంది ఆ పిల్ల. అప్పటిదాకా పూలన్నీ కాయలవుతాయనే అనుకుంటోంది.

మగపువ్వును కాడతో సహా తుంచి, రేకులు వెనక్కి వంచి పట్టుకోమన్నాను. మధ్యలో ఉన్న పసుపు పొడి వేలికి తగిలిస్తే అంటుకుంది. ఆ పొడి ఆడపువ్వు మధ్యలో తడి తడిగా, జిగటగా ఉండే బొడిపె మీద మెల్లగా, చుట్టూ తగిలేలా రాయించాను. ఒక పక్కే తగిలితే కాయ వంకర తిరుగుతుంది. ఒక మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకు రాయొచ్చు. రాసిన వాటికి ఎర్ర దారం కట్టించాను, రెండు పూలను కావాలనే వదిలేయించాను. నాలుగైదు రోజులకు దారం కట్టిన పిందెలు ముదురాకుపచ్చ తిరిగి, తొడిమ బలిసి, బరువుకు కిందికి వేలాడాయి. వదిలేసిన రెండూ పసుపుబారి రాలాయి. అంతకంటే రుజువు నాకు అక్కర్లేదు. ఆ సీసాలు మూత కూడా తీయకుండానే పోయాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో బీరకాయ కొబ్బరికారం, బీరపొట్టు పచ్చడి ఎన్నిసార్లు అయ్యాయో! మా ఇంటికీ గిన్నె వచ్చేది.

ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. సొర, బీర, పొట్ల సాయంత్రం పూలు. కాకర, దోస, గుమ్మడి, నేతిబీర పొద్దుటి పూలు. సాయంత్రం పూలకు రాత్రి ఎగిరే రెక్కల పురుగులు, సందెవేళ తిరిగే ఈగలు రావాలి. పల్లెలో చేలు, చెట్లు ఉంటాయి కాబట్టి అవి వాటంతట అవే వస్తాయి. అయిదో అంతస్తు పైన, చుట్టూ సిమెంటు తప్ప ఏమీ లేని చోటికి ఎందుకొస్తాయి? మీరు పిలవాలి. పిట్టగోడ పొడవునా నాలుగు బంతి మొక్కలు, పూత తుంచకుండా వదిలేసిన తులసి, ఒక కుండీలో విత్తనానికి వదిలేసిన కొత్తిమీర ఉంటే పొద్దుటి పూలకు తేనెటీగల కొరత ఉండదు. సాయంత్రం పూలకు మాత్రం మీ వేలే దిక్కు.

ఇక్కడ వేపనూనె గురించి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పడం లేదని నాకు చాలా బాధ. ఏ వీడియో చూసినా "తేనెటీగలకు ఇబ్బంది లేకుండా సాయంత్రమే పిచికారీ చేయండి" అంటారు. కాకరకు, దోసకు అది సరైన మాటే. కానీ సొర, బీరలకు సాయంత్రమే పువ్వు విచ్చుకునే వేళ. సరిగ్గా అదే సమయానికి సబ్బు నీళ్ళు కలిపిన వేపనూనె పువ్వు మీద కొడితే పుప్పొడి తడిసిపోతుంది, వచ్చే ఒకటీ అరా పురుగూ రాదు. ఆకు మీద పేనుబంకో, తెల్లదోమో కనిపిస్తే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి ఎండ ఎక్కకముందే, పొద్దున్నే ఆకుల అడుగున కొట్టండి. వారం వారం తప్పకుండా కొట్టాలన్న నియమం నేను ఒప్పుకోను. పురుగే లేని మొక్కకు మందెందుకు? అరటి తొక్కల నీళ్ళు, ఉల్లిపొట్టు నీళ్ళు, బియ్యం కడుగు అంటూ రోజుకొకటి పోసి వేర్లను ఊపిరాడకుండా చేయడమూ అంతే. మాగిన పశువుల ఎరువు నెలకు రెండు గుప్పెళ్ళు చాలు. పచ్చి పేడ తెచ్చి వేస్తే మట్టిలో వేరుపురుగు చేరుతుంది, అది చేరిందంటే ఆ కుండీ మొత్తం తిరగేయాల్సిందే.

మీ తీగకు అసలు ఆడపూలే లేకపోతే సంగతి వేరు. సొరకు ప్రధాన తీగ మీద ఎక్కువగా మగపూలే వస్తాయి, ఆడపూలు పక్క కొమ్మల మీద వస్తాయి. తీగ మీ భుజం ఎత్తు దాటగానే తల తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలూ వస్తాయి. మొదటిసారి తుంచేటప్పుడు చేయి రాదు, నాకు తెలుసు, అయినా తుంచండి. నత్రజని ఎక్కువైనా, ఎండలు మండిపోతున్నా మగపూలే ఎక్కువ పూస్తాయి. అందుకే ఏప్రిల్, మే పాదుల్ని చూసి ఆగం కావద్దు. మృగశిర కార్తెకు పెట్టిన పాదు దారే వేరు.

పిందె నిలిచి, గుప్పెడంత అయ్యాక ఒక పక్క చిన్న చుక్క పడి, అక్కడ జిగురు కారి, వంగిపోయి కుళ్ళుతుంటే అది పండు ఈగ. దానికి కూడా మందు కొట్టి లాభం లేదు, గుడ్డు తోలు లోపల ఉంటుంది. పిందె నిలిచిందని తెలియగానే పాత న్యూస్‌పేపరు సంచో, పల్చటి గుడ్డ సంచో తొడిగేయండి. కుళ్ళిన కాయలను కుండీలోనే పడేయకుండా కవరులో కట్టి రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి, లోపలి పురుగు చస్తుంది. ఎర వాసనతో ఈగలను రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కొంటే మాత్రం అందులో ఏ ఎర ఉందో అడిగి కొనండి. మామిడికి, జామకు పనిచేసే మిథైల్ యూజినాల్ ఎర ఈ తీగ కూరగాయల ఈగకు పనిచేయదు, దీనికి క్యూలూర్ కావాలి. షాపుల్లో ఏది ఉంటే అది చేతిలో పెడుతున్నారు, కొన్నవాళ్ళు బుట్ట వేలాడదీసి నెలల తరబడి ఎదురు చూస్తున్నారు.

బోడకాకర పెట్టినవాళ్ళూ ఇలాగే మోసపోతున్నారు. దాంట్లో పువ్వులే కాదు, మొక్కలే ఆడ వేరు, మగ వేరు. ఒక్క దుంప తెచ్చి పెట్టుకుంటే ఆడమొక్క అయినా పక్కన మగమొక్క లేకుండా కాయ కాయదు. దుంప అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పడానికి ఏమవుతుందో నాకు అర్థం కాదు.

అపార్ట్‌మెంట్ అన్నారు కాబట్టి ఇంకో విషయం. ఇవాళ కాకపోతే రేపు మీ అసోసియేషన్‌లో శ్లాబు గొడవ వస్తుంది. మా దగ్గర పై అంతస్తు వాళ్ళ గదిలో చెమ్మ వస్తే మీటింగు పెట్టి నేరుగా మొక్కల మీదికి వచ్చారు. ప్లంబర్‌ను పిలిచి చూపిస్తే కారుతున్నది ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు జాయింటు. మొక్కలు ఉన్న పక్కన చుక్క తడి లేదు. అయినా బరువు విషయంలో వాళ్ళ భయాన్ని నేను కొట్టిపారేయను. మనుషులు తిరిగే మేడలకు మన దేశంలో లెక్కకట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అడుగు మందాన తడి మట్టి పరిస్తే అదే జాగాలో 500 కిలోలు దాటుతుంది. కాబట్టి శ్లాబు మధ్యలో మట్టి మడులు కట్టకండి. పెద్ద డబ్బాలన్నీ పిల్లర్ల మీద, బీముల వెంట, పిట్టగోడ పక్కన పెట్టండి. మట్టిలో మూడో వంతు కొబ్బరి పొట్టు కలిపితే బరువు తగ్గుతుంది, ఆ పొట్టును ముందు రెండు మూడు నీళ్ళలో కడగండి, ఉప్పు ఉంటుంది. ప్రతి డబ్బా కింద ఇటుకలో, ఇనుప స్టాండో ఉండి కింద గాలి ఆడాలి, చీపురు దూరాలి. చీపురు దూరితే అసోసియేషన్ వాళ్ళు మాట్లాడటానికి ఏమీ ఉండదు.

గింజల దగ్గరా జాగ్రత్త పడండి. ప్యాకెట్ మీద ఎప్పుడు ప్యాక్ చేశారో లేకపోతే కొనకండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క బహార్ సొర, అర్క సుమీత్ బీర మంచి రకాలు, వాటి గింజ మళ్ళీ పెట్టుకోవచ్చు. హైబ్రిడ్ నుంచి తీసిన గింజ మాత్రం తల్లిలా రాదు. ఏ రకమైనా సరే, సొరకాయ కోసినప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే మొత్తం పారేయండి. ఉడికిస్తే పోతుందిలే అనుకోవద్దు, పోదు. పొద్దున్నే పరగడుపున సొరకాయ జ్యూస్ తాగే అలవాటున్న వాళ్ళు ఇంట్లో ఉంటే ఇది ఒకటికి రెండుసార్లు చెప్పండి, ఆ చేదు విషం, ఆసుపత్రి పాలు చేస్తుంది.

చివరగా, మీ గ్రో బ్యాగు ఎంతుందో ఎక్కడా రాయలేదు. ఇరవై లీటర్ల పెయింట్ డబ్బాలో ఒక్క బీర పాదు బతుకుతుంది, అదీ రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తేనే. సొరకు అది చాలదు, రెండు వందల లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోయించి సగంలో ఒక్కటే పెట్టాలి. ఒకే సంచిలో మూడు నాలుగు పాదులు ఉంటే పుప్పొడి ఎంత రాసినా రెండు కాయల కంటే నిలవవు. బాగున్న ఒక పాదును ఉంచి మిగతావి మొదలు దగ్గర కత్తిరించేయండి. పీకొద్దు, ఉంచిన దాని వేళ్ళు కదులుతాయి. సంచి మార్చే ఆలోచన ఉంటే ఈ కాపు అయ్యాకే, ఈ తీగలు పెద్దవయ్యాక పెకలించి వేరే చోట పెడితే బతకవు.