కండిషనర్ రోజూ వేస్తున్నా అమ్మోనియా తగ్గడం లేదు, ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: రెండు వారాల కిందట 60 లీటర్ల కొత్త ట్యాంకు పెట్టి నాలుగు గోల్డ్‌ఫిష్ వేశారు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా (చేపల విసర్జన, కుళ్లిన మేత నుంచి నీటిలో చేరే విషం) 1 పీపీఎం, అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము, వస్తోంది. షాపులో ఇచ్చిన వాటర్ కండిషనర్ రోజూ వేస్తున్నా ట్యూబులో రంగు మారడం లేదు. ఇంకా ఎక్కువ వేయాలా, రెండు చేపల్ని తిరిగి ఇచ్చేయాలా అని అడిగారు.

ఎక్కువ వేయకండి. ఈ రోజే సగం నీళ్లు మార్చండి. మిగతాది ఆ తర్వాత నిదానంగా చదువుకోవచ్చు.

నేను ఉండేది తిరుపతి బైరాగిపట్టెడలో. మూడేళ్ల కిందట గంగజాతర వారంలో ఇల్లంతా చుట్టాలు. మా చెల్లెలి కొడుకు చేపలకి ఆకలేస్తోందని మేత డబ్బాలో సగం ట్యాంకులో ఒంపేశాడు. మాకెవరికీ తెలియదు. మర్నాడు పొద్దున చూస్తే చేపలన్నీ పైకొచ్చి, నోరు నీటి అంచుకి ఆనించి గుటకలు వేస్తున్నాయి. మొప్పలు ఎర్రగా కందిపోయాయి. కింద గులకరాళ్ల సందుల్లో మేత ఉబ్బి, దూదిలా తెల్లగా బూజు పట్టి ఉంది. టెస్ట్ ట్యూబులో పసుపు రావాల్సింది ముదురు ఆకుపచ్చ వచ్చింది. టెన్షన్ పడి షాపుకి ఫోన్ చేస్తే, "కండిషనర్ మూడు మూతలు వేసేయండి నా, సాయంత్రానికి సర్దుకుంటాయి" అన్నారు. వేశాను. తగ్గకపోతే మధ్యాహ్నం ఇంకో మూడు వేశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, గంటన్నర ఎయిర్ పంపు ఆడలేదు. సాయంత్రానికి రెండు చేపలు పోయాయి. మిగిలిన మూడూ బతికింది ఆ రాత్రి, మరుసటి పొద్దున సగం సగం నీళ్లు మార్చి, కుళ్లిన మేతని పైపుతో లాగేశాకే.

అందుకే ఆ సీసాలో ఉన్నది ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవడం ముఖ్యం. షాపుల్లో యాంటీ క్లోరిన్ అని ఇచ్చే చుక్కల మందులో మామూలుగా ఉండేది సోడియం థయోసల్ఫేట్, అంటే పాత ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో. అది క్లోరిన్‌ని తీసేస్తుంది. అమ్మోనియా జోలికి పోదు. పైగా నీటిలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) ఉంటే, క్లోరిన్ పోయి దానితో ఉన్న అమ్మోనియా బయట పడుతుంది. "అమ్మోనియాని కూడా కట్టేస్తుంది" అని రాసి ఉండేవి వేరే రకం. వాటి పని ఒకటి రెండు రోజులేనని తయారు చేసేవాళ్లే రాస్తారు. అమ్మోనియా ట్యాంకు దాటి ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. ఇలాంటివి కొన్ని మోతాదు మించితే నీటిలోని ఆక్సిజన్‌ని కూడా తినేస్తాయి. కరెంటు లేని ఆ మధ్యాహ్నం నా ట్యాంకులో అమ్మోనియా అలాగే ఉండటం, ఆక్సిజన్ పడిపోవడం రెండూ ఒకేసారి జరిగాయనే నా నమ్మకం.

మీ ట్యూబులో రంగు మారకపోవడానికి ఇంకో కారణం ఉంది. పసుపు నుంచి ఆకుపచ్చకి మారే కిట్ మొత్తం అమ్మోనియాని చూపిస్తుంది. విషమైన అమ్మోనియా, అంత హాని లేని అమ్మోనియం, కండిషనర్ పట్టుకున్నది, అన్నీ అందులో కలిసే వస్తాయి. కాబట్టి కండిషనర్ పనిచేసినా అంకె తగ్గదు. నెస్లర్ అనే వేరే రకం కిట్ అయితే కండిషనర్ వేసిన నీటిలో తప్పు రీడింగే ఇవ్వవచ్చు.

ఆ 1 పీపీఎంలో విషం ఎంత అన్నది పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె), వేడి తేలుస్తాయి. పీహెచ్ 7, నీళ్లు 25 డిగ్రీలు ఉంటే నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే పీహెచ్ 8, 30 డిగ్రీలైతే 7 శాతం దాటుతుంది. మా బోరు నీళ్ల పీహెచ్ 8.2. మే నెలలో మన ఊళ్లో గదిలోని ట్యాంకు 31, 32 డిగ్రీలకి సులువుగా పోతుంది. అందుకే చల్లటి ఊళ్లో ఉన్నవాళ్లు "1 పీపీఎం పర్వాలేదు" అంటే మీరు నిశ్చింతగా ఉండకండి.

అయితే ఆ బోరు నీళ్లని తిట్టుకోకండి. అమ్మోనియాని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో పెరగాలి, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ పనికి నీటిలోని కార్బొనేట్లు ఖర్చవుతాయి. మన బోరు నీళ్లలో అవి కావలసినన్ని ఉంటాయి. మీ ట్యాంకుకి రెండు వారాలే అయింది, అంటే బ్యాక్టీరియా ఇంకా సగం దారిలో ఉంది. దయచేసి స్పాంజిని కుళాయి కింద కడగకండి. మురికిగా ఉంటే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి పిండండి. తెలిసినవాళ్లింట్లో జబ్బులేని పాత ట్యాంకు ఉంటే వాళ్ల స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఏ సీసా మందు కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

నీళ్లు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ముందు రోజు రాత్రే రెండు బకెట్లు పట్టి లోపల పెట్టుకోండి. మీవి బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు, కండిషనర్ అవసరమే లేదు. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నుంచి వచ్చే మున్సిపల్ నీళ్లలో బ్లీచింగ్ వాసన ఉంటుంది కాబట్టి దానికి వేయండి, సీసా మీద రాసిన మోతాదే. కండిషనర్ అసలు పని అక్కడ ఉంది, అక్కడ బాగా చేస్తుంది కూడా.

సగం మారిస్తే 1 పీపీఎం 0.5 అవుతుంది. రేపు మళ్లీ సగం మారిస్తే 0.25, మధ్యలో చేపలు విడిచేది కొంచెం కలుస్తుంది. అక్కడి నుంచి రోజూ టెస్ట్ చేస్తూ 0.25 దాటినప్పుడల్లా మార్చండి. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంత. గోల్డ్‌ఫిష్ ఆకలికి తట్టుకుంటుంది, అమ్మోనియాకి తట్టుకోలేదు.

ఇక రెండు చేపల్ని ఇచ్చేయడం గురించి. ఇచ్చేయండి. 60 లీటర్లలో నాలుగు గోల్డ్‌ఫిష్ ఎదిగితే ఏ ఫిల్టరూ తట్టుకోదు, ఉన్న రెండింటికి కూడా ముందు ముందు పెద్ద ట్యాంకు చూడాల్సి వస్తుంది. ఎండ దిగాక సాయంత్రం తీసుకెళ్లండి. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతా అంతా గాలి ఉండాలి. ఆ పూట వాటికి మేత వేయకండి.