క్యాబేజీలో డైమండ్ రెక్కల పురుగు: మందు కొట్టినా మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: క్యాబేజీ నాటి నెల రోజులైంది. ఆకుల మీద పలుచని పొరలాంటి తెల్లటి మచ్చలు వచ్చి, తర్వాత అవే చిల్లులు పడుతున్నాయి. సాయంత్రం సాళ్లలో నడిస్తే చిన్న బూడిద రంగు రెక్కల పురుగులు లేచి పక్క మొక్కల మీద వాలుతున్నాయి. సైపర్‌మెత్రిన్, ప్రొఫెనోఫాస్ కలిపి వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాను. నాలుగైదు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తోంది. ఇది ఏ పురుగు? ఇంకేం కొట్టాలి?

సమాధానం: మీరు రాసిన లక్షణాలన్నీ డైమండ్ రెక్కల పురుగువి. శాస్త్రీయ నామం ప్లూటెల్లా జైలోస్టెల్లా. మందుల పేర్లు కింద రాస్తున్నాం. అంతకంటే ముందు ఈ పురుగు ఏ దశలో ఎక్కడ ఉంటుందో తెలుసుకోండి. అది తెలియకుండా మందు మాత్రం మారిస్తే నాలుగోసారీ ఇదే జరుగుతుంది.

సాయంత్రం లేస్తున్నవి తల్లి పురుగులు. పొడవు 8–9 మిల్లీమీటర్లు, సన్నగా, బూడిద-గోధుమ రంగులో ఉంటాయి. రెక్కలు ముడిచి కూర్చున్నప్పుడు వీపు మీద, రెండు రెక్కల అంచులు కలిసే చోట, లేత రంగులో మూడు డైమండ్ గుర్తులు వరుసగా కనిపిస్తాయి. మగ పురుగులో ఇవి స్పష్టంగా, ఆడ పురుగులో కాస్త మసకగా ఉంటాయి. మీసాలు ముందుకు చాచి ఉంటాయి, రెక్కల కొసలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. పగలు ఆకుల అడుగున కదలకుండా ఉండి పొద్దుగూకాక ఎగురుతాయి. పొలంలో ఎగిరేది కొద్ది దూరమే అయినా, గాలివాటం దొరికితే వందల కిలోమీటర్లు వెళ్లగలవు. తల్లి పురుగు ఆకు తినదు, పూల తేనె తాగుతుంది. నష్టమంతా పిల్ల పురుగులదే.

ఈ పురుగు బతికేది ఆవాల కుటుంబపు మొక్కల మీదే: క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్, ముల్లంగి, ఆవాలు, అదే కుటుంబపు కలుపు మొక్కలు. వీటికి ఘాటునిచ్చే గ్లూకోసినోలేట్ల వాసన, రుచి పట్టుకునే తల్లి పురుగు గుడ్లు పెడుతుంది. అర మిల్లీమీటరు కూడా లేని పసుపు రంగు గుడ్లను ఈనెల పక్కన ఒక్కొక్కటిగానో, రెండు మూడు కలిపో పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు మొదటి రెండు మూడు రోజులు ఆకు పొరల మధ్య దూరి తింటుంది. తర్వాత బయటికొచ్చి అడుగు వైపు నుంచి పచ్చదనాన్ని గీరి, పై పొరను మాత్రం వదిలేస్తుంది. మీరు చూసిన తెల్లటి మచ్చలు అవే. ఎదిగిన పురుగు 10–12 మిల్లీమీటర్లు ఉంటుంది. లేత ఆకుపచ్చ రంగు, రెండు కొసలా సన్నం. వేలితో తాకితే గిలగిలా వెనక్కి కొట్టుకుని దారం పట్టుకుని వేలాడుతుంది. పొగాకు లద్దె పురుగైతే తాకగానే చుట్టుకుపోతుంది. పోల్చుకోవడానికి ఇదే సులువైన గుర్తు. చివరికి ఆకు అడుగునే పలుచని తెల్లటి వలలాంటి గూడు అల్లుకుని అందులో ప్యూపాగా (రెక్కల పురుగు అయ్యే ముందు కదలకుండా ఉండే దశ) మారుతుంది. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి తల్లి పురుగు వరకు రెండు మూడు వారాలు చాలు.

ఇక మందు ఎందుకు పనిచేయలేదంటే, ఒక కారణం కాదు. పై నుంచి కొట్టిన మందు పై ఆకుల మీదే ఆగిపోయింది, పురుగు అడుగున ఉంది. క్యాబేజీ ఆకు మీది మైనం పొర వల్ల నీళ్లు చుక్కలుగా జారిపోతాయి. మందు తగిలిన చోట కూడా గుడ్లు, ఆకు లోపలి చిన్న పురుగులు, గూటిలోని ప్యూపాలు చాలావరకు తప్పించుకుంటాయి. నాలుగైదు రోజుల్లో మళ్లీ కనిపించేవి ఇవే. అన్నిటికంటే పెద్ద కారణం తట్టుకునే శక్తి. డీడీటీని ఈ పురుగు తట్టుకుంటోందని 1953లోనే ఇండోనేషియాలోని జావా నుంచి నమోదైంది. పొలంలో పిచికారీ చేసిన బీటీ మందును (బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసేది) మొట్టమొదట తట్టుకున్న పురుగు కూడా ఇదే (హవాయి, 1990). సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్‌లకు ఇది చాలా చోట్ల ఎప్పుడో అలవాటుపడింది. ఆ మందు దీన్ని వదిలేసి, దీన్ని అదుపు చేసే మిత్ర పురుగులను చంపుతుంది. అందుకే ఒక్కో పిచికారీ తర్వాత ఉధృతి ఇంకా పెరుగుతుంది. సైపర్‌మెత్రిన్, ప్రొఫెనోఫాస్ మిశ్రమాన్ని ఇక పూర్తిగా ఆపేయండి.

మందు కలిపే ముందు పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ 20 మొక్కలు చూడండి. ప్రతి మొక్కలో లోపలి లేత ఆకులను, వాటి అడుగు భాగాన్ని తిప్పి లెక్కపెట్టండి. సగటున మొక్కకు రెండు పిల్ల పురుగులు దాటితే పిచికారీ అవసరం. లెక్కపెడుతున్నప్పుడు గూళ్లనూ గమనించండి. లోపలి ఆకుపచ్చ ప్యూపా కనిపించేంత పలుచగా ఉంటే అది డైమండ్ రెక్కల పురుగుదే. అంతకంటే చిన్నగా, లోపల ఏమీ కనిపించకుండా మందంగా, తెల్లగానో లేత పసుపుగానో ఉండి, పక్కనే వాడిన పిల్ల పురుగు ఉంటే అది ఈ పురుగును చంపే కొటేసియా అనే మిత్ర పురుగు గూడు. ఇవి ఎక్కువగా ఉంటే రసాయన మందు జోలికి పోకండి, బీటీతో సరిపెట్టండి.

మొదటి పిచికారీకి బాసిల్లస్ థురింజియెన్సిస్ పొడి మందు లీటరు నీటికి 1 గ్రాము చొప్పున వాడండి. ఎండకు దీని బలం తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టాలి. ఇది పురుగు తింటేనే పనిచేస్తుంది. తిన్న కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు కదులుతున్న పురుగును చూసి పనిచేయలేదని మళ్లీ కొట్టకండి. రాగి మందులతో, స్ట్రెప్టోసైక్లిన్ లాంటి బ్యాక్టీరియాను చంపే మందులతో కలపకూడదు.

వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టినా సంఖ్య తగ్గకపోతే వీటిలో ఒక్కటి ఎంచుకోండి. ఎకరాకు 200 లీటర్ల నీటిలో స్పైనోసాడ్ 2.5% 240–280 మి.లీ., లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 18.5% 20 మి.లీ., లేదా ఇమామెక్టిన్ బెంజోయేట్ 5% 80 గ్రాములు, లేదా ఇండాక్సాకార్బ్ 14.5% 100 మి.లీ. ఇవి నాలుగు వేర్వేరు గుంపుల మందులు. ఒక గుంపు మందును ఒక తరం వరకే, అంటే సుమారు మూడు వారాల లోపే వాడి, తర్వాతి తరానికి మరో గుంపుకు మారాలి. పేరు మారినంత మాత్రాన గుంపు మారదు: ఫ్లూబెండియమైడ్, క్లోరాంట్రానిలిప్రోల్ రెండూ ఒకే గుంపువి. డబ్బా మీద శాతం వేరుగా ఉంటే మోతాదు కూడా మారుతుంది. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో కూడా అక్కడే చూడండి.

ఏ మందైనా జిగురు మందు లీటరుకు అర మి.లీ. కలిపి, హాలోకోన్ నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి ఆకు అడుగు తడిసేలా కొట్టండి. గడ్డ మూసుకున్నాక లోపల చేరిన పురుగుకు మందు అందదు. కాబట్టి గడ్డ కట్టడం మొదలయ్యే ఈ రోజులే ముఖ్యం. ఈ దశలో 5 శాతం వేపగింజల కషాయం బాగా పనిచేస్తుంది. 10 కిలోల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా 20 లీటర్ల నీటిలో నానబెట్టండి. పొద్దున మూటను బాగా పిండి, వడకట్టి, 200 గ్రాముల సబ్బు పొడి కలిపి 200 లీటర్లు చేయండి. అదే రోజు సాయంత్రం వాడాలి, నిల్వ ఉంచితే పనిచేయదు. స్ప్రింక్లర్లు ఉంటే మందు కొట్టని రోజుల్లో మునిమాపు వేళ నడపండి. తల్లి పురుగుల జతకట్టడం చెదిరి, చిన్న పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి.

వచ్చే పంటకు ప్రతి 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు ఎర పంటగా వేయండి. ఒక వరుస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తాలి. ఆవాల మీద చేరిన పురుగును అక్కడే చంపాలి, వదిలేస్తే ఆ రెండు వరుసలే పొలమంతటికీ పురుగును పంచుతాయి. లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగైదు పెడితే పురుగు రాక ముందే తెలుస్తుంది. అయితే వాటిలో పడేవి మగ పురుగులే, నివారణకు అవి చాలవు. నారుమడి నుంచే గుడ్లు వస్తాయి కనుక నారు పీకే ముందు ఆకుల అడుగు చూడండి. కోత అయిన వెంటనే మోళ్లను, కింది ఆకులను దున్ని మట్టిలో కలిపేయండి. నిలబడిన మోళ్లు చిగురించి, ఈ పురుగును వచ్చే పంట దాకా పోషిస్తాయి.